నల్ల ఇంజను, నల్ల రాత్రి

నల్లగా ఉండే వస్తువుని చీకట్లో ఫోటో తీస్తానంటే ఎవరైనా నవ్వుతారు. కానీ స్టీమ్ ఇంజన్ల ఫోటోల్లో బాగా పేరొచ్చినవి చూస్తే, వాటిలో చాలా అర్ధరాత్రి తీసినవే. అవి అనుకోకుండా అలా కుదరలేదు, తీసినాయన కావాలనే రాత్రిని ఎంచుకున్నాడు. ఎందుకు ఎంచుకున్నాడు, ఎలా తీశాడు, అందులోంచి మనం మన ఫోన్లతో ఏం నేర్చుకోవచ్చు, ఇవి ఈ వ్యాసంలో చెప్తాను. చివర్లో మనందరికీ ఒక పని కూడా ఉంది.

నాది గజపతినగరం. ఇంగ్లీష్ మీడియంలో చదివాను కాబట్టి ఇంగ్లీష్ మాటలు దొర్లుతాయి. ఎడిటర్ అక్క "అర్థమైతే చాలు, ఉండనీ" అంది. అందుకే వదిలేశాను.

ముందు మన లైన్ గురించి

విజయనగరంలో రాయగడ వైపు వెళ్ళే బండి ఎక్కితే గరుడబిల్లి తర్వాత మా ఊరు వస్తుంది. తర్వాత కోమటిపల్లి, ఆ పైన బొబ్బిలి, పార్వతీపురం. ఈ లైన్ వేసింది బెంగాల్ నాగపూర్ రైల్వే. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1908-09లో బండి నడిచింది. బొబ్బిలి నుంచి సాలూరుకి చిన్న కొమ్మ 1913లో వచ్చింది. పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా కలిసేసరికి 1931 అయింది. రెండేళ్ళకి, 1933లో, విశాఖ పోర్టు మొదలైంది. మధ్య భారతం సరుకు సముద్రం దాకా తేవడానికి ఇది దగ్గర దారి. అంటే మా ఊరి ప్లాట్‌ఫాం ముందు నుంచి వందేళ్ళకి పైగా ఇంజన్లు పోతూనే ఉన్నాయి.

శ్రీకాకుళం వైపు ఇంకో కథ ఉంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న లైన్ నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా 1900 ఏప్రిల్ 1న మొదలైంది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. టెక్కలి, పాతపట్నం మీదుగా పోయేది. తర్వాత గుణుపురం దాకా పెంచారు. ఆ చిన్న బండి 2004లో ఆగిపోయింది. పెద్ద పట్టాలు వేసి 2011లో మళ్ళీ మొదలుపెట్టారు. బండి తిరిగొచ్చింది కానీ ఆ చిన్న ఇంజను రాలేదు.

ఈ వ్యాసం కోసం మా తాతని అడిగాను, పొగబండి ఎలా ఉండేదని. తాత ఇలా అన్నాడు: "తెల్ల చొక్కాతో ఎక్కినోడు నల్ల చొక్కాతో దిగీవోడు. కిటికీలోంచి తల బయటికి పెడితే కంట్లో బొగ్గు నలక పడీది. రాత్రిపూట వస్తంటే ఇంజను కనపడీది కాదు, మంట కనపడీది." ఫోటో ఏదైనా ఉందా అంటే లేదన్నాడు. మా వీధిలో ఇంకో నాలుగిళ్ళలో అడిగాను. పెళ్ళి ఫోటోలు, స్కూలు గ్రూప్ ఫోటోలు, గుడి దగ్గర ఫోటోలు ఉన్నాయి. ఇంజనుది ఒక్కటీ లేదు. రోజూ కనిపించేదాన్ని ఎవరు ఫోటో తీస్తారు?

తాత చెప్పిన ఆఖరి మాట మాత్రం నాకు బాగా పట్టుకుంది. ఇంజను కనపడేది కాదు, మంట కనపడేది. రాత్రి ఫోటోకి మొదటి పాఠం అదే.

సివిల్ ఇంజనీరు, నలభై మూడు బల్బులు

ఆ పాఠాన్ని చివరిదాకా తీసుకెళ్ళినాయన పేరు ఓ. విన్‌స్టన్ లింక్. అమెరికా మనిషి, 1914లో బ్రూక్లిన్‌లో పుట్టాడు. 1937లో బ్రూక్లిన్ పాలిటెక్నిక్‌లో సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేశాడు కానీ బతుకుతెరువు ఫోటోగ్రఫీ అయింది. న్యూయార్క్‌లో కంపెనీలకి యాడ్ ఫోటోలు తీసేవాడు.

1955 జనవరిలో ఏదో కంపెనీ పని మీద వర్జీనియా రాష్ట్రం వెళ్ళాడు. ఆ పక్కనే నార్‌ఫోక్ అండ్ వెస్ట్రన్ అనే రైల్వే లైన్ ఉంది. అప్పటికి అమెరికాలో పెద్ద రైల్వేలన్నీ డీజిల్‌కి మారిపోతున్నాయి. ఈ ఒక్క పెద్ద కంపెనీయే ఇంకా ప్రధానంగా స్టీమ్ మీద నడుస్తోంది, తన ఇంజన్లు తనే రోనోక్ ఊళ్ళో తయారు చేసుకుంటోంది. ఇదీ ఎక్కువ కాలం ఉండదని లింక్‌కి అర్థమైంది. జనవరి 21 రాత్రి వేన్స్‌బరో స్టేషన్ దగ్గర మొదటి ఫోటో తీశాడు. కంపెనీ అనుమతి తీసుకున్నాడు. ఖర్చు మాత్రం సొంత జేబులోంచే. 1960లో ఆ రైల్వేలో స్టీమ్ ఆగిపోయేదాకా మళ్ళీ మళ్ళీ వెళ్ళి సుమారు 2,400 నెగెటివ్‌లు పోగుచేశాడు.

వాటిలో బాగా తెలిసినది 1956 ఆగస్టు 2న వెస్ట్ వర్జీనియాలో ఐగర్ అనే ఊళ్ళో తీసింది. అది కార్లలో కూర్చుని సినిమా చూసే ఓపెన్ థియేటర్. ముందు కారులో ఒక జంట, ఎదురుగా తెరమీద జెట్ విమానం, తెర పక్కనుంచి తెల్లటి పొగ చిమ్ముకుంటూ దూసుకుపోతున్న స్టీమ్ ఇంజను. ఆ ఒక్క ఫోటోకి 43 ఫ్లాష్ బల్బులు వాడాడు. ఫ్లాష్ బల్బు అంటే గాజు బుడ్డిలో ఆక్సిజన్, సన్నటి లోహపు తీగలు. కరెంటు తగలగానే ఒక్కసారి భగ్గున మండి అయిపోతుంది, రెండోసారి పనికిరాదు. థియేటర్ చుట్టూ వైర్లు లాగి, బల్బులు బిగించి, బండి కోసం చూస్తూ కూర్చున్నాడు. ఇంజను వచ్చే ఆ ఒక్క క్షణంలో మీట నొక్కాలి. తప్పితే బల్బులూ పోతాయి, బండీ పోతుంది.

ఇందులో ఇంకో విషయం ఉంది. అన్ని బల్బులు ఒకేసారి వెలిగేసరికి సినిమా తెర తెల్లగా వెలిసిపోయింది. అందుకని తెరమీది విమానాన్ని వేరే నెగెటివ్ నుంచి తెచ్చి డార్క్‌రూమ్‌లో కలిపాడు. ఫోటోషాప్ పుట్టకముందే ఎడిటింగ్ అన్నమాట. అది మోసమా కాదా అని మా హాస్టల్ రూంలో పెద్ద గొడవే జరిగింది. నా లెక్కలో ఇంజను నిజం, థియేటర్ నిజం, ఆ రాత్రి నిజం. తెరమీది బొమ్మ అతికించింది. ఏది అతికించామో చెప్పేస్తే గొడవ లేదు.

లింక్ ఫోటోల్లో ఇంజను ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. వర్జీనియాలో లూరే ఊరి దగ్గర వాగులో పిల్లలు ఈత కొడుతుంటే పైన వంతెన మీద బండి పోతూ ఉంటుంది. ఒక ఇంటి హాలులో మనుషులు కూర్చుని ఉంటే కిటికీ బయట ఇంజను ఉంటుంది. ఆ ఊళ్ళకి బండి వింత కాదు, పక్కింటి మనిషి లాంటిది. ఆయన ఫోటో తీసింది ఆ పొరుగుతనాన్ని.

రాత్రే ఎందుకు?

దీనికి మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, సూర్యుడు మన మాట వినడు, పట్టాలూ వినవు. లైన్ ఏ దిక్కుకి పోతుందో ఎప్పుడో నిర్ణయమైపోయింది. బండి టైముకి ఎండ ఇంజను వెనక ఉంటే ముందు భాగం నల్లటి ముద్దలా పడుతుంది. రాత్రి అయితే దీపం ఎక్కడ పెట్టాలో పూర్తిగా ఫోటోగ్రాఫర్ ఇష్టం.

రెండోది, ఆవిరి రంగు. ఇంజను నలుపు, కానీ అది వదిలే ఆవిరి తెలుపు. పగలు తెల్లటి ఆకాశం ముందు తెల్లటి ఆవిరి కలిసిపోతుంది. రాత్రి నల్లటి ఆకాశం ముందు పక్కనుంచి లైటు పడితే ఆవిరి దూదికొండలా లేస్తుంది. ఆ తెలుపు ముందు ఇంజను ఆకారం అంచులతో సహా కనిపిస్తుంది. పగలే ఈ సమస్యని ఇంకోలా తీర్చినవాడు సత్యజిత్ రాయ్. 1955లోనే వచ్చిన పథేర్ పాంచాలి సినిమాలో పిల్లలు రైలు చూసే చోట నల్లటి పొగబండి ముందు తెల్లటి రెల్లుపూల పొలం ఉంటుంది. రాయ్ తెలుపుని పొలంలో వెతుక్కున్నాడు, లింక్ ఆవిరిలో వెతుక్కున్నాడు. సూత్రం ఒకటే: నల్లదాన్ని చూపించాలంటే పక్కన తెల్లది ఉండాలి.

మూడోది నాకు అన్నిటికన్నా నచ్చింది. పగలు తీసిన ఫోటోలో కరెంటు స్తంభం, బోర్డు, చెత్తబుట్ట, స్కూటర్లు అన్నీ పడతాయి. రాత్రి మనం వెలుగు వేసినదే పడుతుంది, మిగతాదంతా చీకట్లో ఉండిపోతుంది. కోడింగ్ భాషలో చెప్పాలంటే పగలు అన్నీ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటాయి, మనం ఒక్కోటి ఆఫ్ చేసుకోవాలి. రాత్రి అన్నీ ఆఫ్. ఏది ఆన్ చేయాలో ఆలోచించాకే చేయి కదులుతుంది. అందుకే రాత్రి ఫోటో చూస్తే తీసినవాడికి ఏది ముఖ్యమో తెలిసిపోతుంది.

స్టీమ్ ఇంజనంటే జనానికి అంత ఇష్టం ఎందుకు?

మనం పుట్టేసరికే స్టీమ్ లేదు. మన దేశంలో పెద్ద లైన్ మీద ఆఖరి రెగ్యులర్ స్టీమ్ బండి 1995 డిసెంబరులో పంజాబ్‌లో, జలంధర్ ఫిరోజ్‌పూర్ మధ్య నడిచింది. అయినా యూట్యూబ్‌లో స్టీమ్ ఇంజను వీడియో వస్తే వేలు ఆగిపోతుంది. ఎందుకు?

దాని పని మొత్తం బయటే కనిపిస్తుంది కాబట్టి అని నా అభిప్రాయం. మంట నీళ్ళని ఆవిరి చేస్తుంది. ఆవిరి పిస్టన్‌ని ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి తోస్తుంది. పిస్టన్ రాడ్‌ని, రాడ్ చక్రాన్ని తిప్పుతాయి. రెండు పక్కలా రెండు సిలిండర్లు ఉంటే చక్రం ఒక్కసారి తిరిగేలోపు నాలుగుసార్లు ఆవిరి బయటికి వస్తుంది. ఆ నాలుగే మనం "ఛుక్ ఛుక్ ఛుక్ ఛుక్" అనుకునేది. అంటే చిన్నప్పుడు పాడుకున్న రైలు పాటలో తాళం నిజానికి మెకానికల్ ఇంజనీరింగ్. బండి వేగం పెరిగితే తాళం వేగం పెరుగుతుంది, ఎత్తు ఎక్కుతుంటే తాళం బరువెక్కుతుంది. కళ్ళు మూసుకున్నా ఇంజను ఎంత కష్టపడుతోందో తెలుస్తుంది. నేను రోజూ వాడే ల్యాప్‌టాప్ ఎంత కష్టపడుతోందో తెలిసేది ఫ్యాను మోత వల్లే. లోపల ఏం జరుగుతోందో బయటికి కనపడదు.

లింక్ దీన్ని గ్రహించి శబ్దాలు కూడా టేపు మీద పట్టుకున్నాడు, వాటిని గ్రామఫోన్ రికార్డులుగా విడుదల చేశాడు. ఫోటోలకి పెద్ద పేరు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. వాటిమీద మంచి పుస్తకం 1987లో వచ్చింది, అంటే స్టీమ్ ఆగిన 27 ఏళ్ళకి. ఆయన 2001లో పోయాడు. 2004లో రోనోక్ పాత స్టేషన్ భవనంలోనే ఆయన పేరుతో మ్యూజియం తెరిచారు.

కొంచెం లెక్కలు

భయపడకండి, ఇంటర్ ఫిజిక్సే.

వెలుగు దూరం వర్గంతో తగ్గుతుంది. దూరం మూడింతలైతే వెలుగు తొమ్మిదో వంతే. మన దగ్గర చాలాకాలం తిరిగిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను పొడవు సుమారు 17 మీటర్లు. ముందు భాగానికి 5 మీటర్ల దూరంలో ఒక లైటు పెడితే, ఆ లైటుకి 15 మీటర్ల దూరంలో ఉన్న భాగం మీద తొమ్మిదో వంతు వెలుగే పడుతుంది. ముందు తెల్లగా కాలిపోయి, వెనక చీకటైపోతుంది. అందుకే ఒక్క పెద్ద లైటు పనికిరాదు, లైన్ పొడుగునా చిన్నచిన్నవి కావాలి. నలభై మూడు బల్బుల రహస్యం అదే.

ఇంక వేగం. గంటకి 54 కిలోమీటర్లు అంటే సెకనుకి 15 మీటర్లు. షట్టర్ సెకనులో వందో వంతు తెరిచినా బండి 15 సెంటీమీటర్లు జరిగిపోతుంది. వెయ్యో వంతు అయితే ఒకటిన్నర సెంటీమీటరు.

మరి మన ఫోన్ నైట్ మోడ్? అది మూడు సెకన్లు తీసుకుందనుకోండి, అదే వేగంలో బండి 45 మీటర్లు పోతుంది. నైట్ మోడ్ చేసే పని ఏంటంటే, చిన్న చిన్న ఫ్రేములు చాలా తీసి, వాటిని ఒకదాని మీద ఒకటి సర్ది, సగటు తీసి నాయిస్ తగ్గిస్తుంది. కదలనివాటికి అది అద్భుతం. కదిలేదాన్ని మాత్రం తప్పుగా వచ్చిన డేటా అనుకుని కొంత తీసేస్తుంది, కొంత సాగదీస్తుంది. ప్లాట్‌ఫాం, బోర్డు, టీ కొట్టు చక్కగా వస్తాయి, అసలు బండి దెయ్యంలా వస్తుంది. నైట్ మోడ్ దృష్టిలో రైలు ఒక ఎర్రర్!

మరి మనం ఎలా తీయాలి?

కదిలే బండిని రాత్రి ఫ్లాష్‌తో తీయాలనే ఆలోచన వదిలేయండి. దానికి కారణం కింద చెప్తాను. ఆగి ఉన్న ఇంజనుతో మొదలుపెట్టండి. కొన్ని స్టేషన్ల ముందు, రైల్వే ఆఫీసుల ముందు పీఠం మీద నిలబెట్టిన పాత ఇంజన్లు ఉంటాయి. ఎప్పుడైనా ఢిల్లీ వెళ్తే చాణక్యపురిలో నేషనల్ రైల్ మ్యూజియం ఉంది. కదిలే స్టీమ్ చూడాలంటే డార్జిలింగ్, నీలగిరి కొండ రైళ్ళు ఉన్నాయి.

లింక్‌కి లేని సదుపాయం మనకి ఒకటుంది. ఆయన బండి కదిలిపోతుంది కాబట్టి 43 లైట్లూ ఒకేసారి వెలగాలి. పీఠం మీది ఇంజను ఎక్కడికీ పోదు. కాబట్టి మనకి 43 లైట్లు అక్కర్లేదు, ఒక్క టార్చి 43 సార్లు చాలు.

పద్ధతి ఇది:

ఫోన్‌ని ట్రైపాడ్ మీద పెట్టండి. ట్రైపాడ్ లేకపోతే నాలుగు ఇటుకలు, ఒక రబ్బర్ బ్యాండ్. నొక్కేటప్పుడు కదలకుండా మూడు సెకన్ల టైమర్ పెట్టండి. ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 100, షట్టర్ 10 నుంచి 15 సెకన్లు. ఫోకస్ ఆటోలో వదలొద్దు. టార్చి వేసి ఇంజను మీద ఫోకస్ చేసి లాక్ చేయండి.

షట్టర్ తెరిచి ఉన్నంతసేపు ఒకళ్ళు టార్చితో ఇంజను మీద సున్నం వేస్తున్నట్టు వెలుగు వేయాలి. టార్చి మూతి మీద పల్చటి తెల్ల కాగితం కడితే వెలుగు మెత్తగా పడుతుంది. కెమెరా పక్కనుంచి వేయకండి, ఇంజను చదునుగా అట్టముక్కలా వస్తుంది. పక్కకి వెళ్ళి ఏటవాలుగా వేస్తే రాడ్లు, రివెట్లు, చక్రాల ఆకులు నీడలతో లేచి కనిపిస్తాయి. టార్చి ఆపకుండా కదుపుతూ ఉండాలి. టార్చి పట్టుకున్నవాళ్ళు నల్ల బట్టలు వేసుకుని కదులుతూ ఉంటే ఫోటోలో పడరు.

ఒక ఫ్రేములో చక్రాలకి, ఇంకోదాంట్లో బాయిలర్‌కి, మరోదాంట్లో క్యాబిన్‌కి వెలుగు వేయండి. ఇంటికొచ్చాక కలపండి. ఎడిటింగ్ యాప్‌లో దీన్ని లైటెన్ అంటారు. పైథాన్ వచ్చినవాళ్ళకి ఇంకా సులువు: అన్ని ఫ్రేముల్లో ఒక్కో పిక్సెల్‌కి ఎక్కువ విలువ ఏదో అది తీసుకోవడమే. నమ్‌పైలో ఒక్క లైను. నిజానికి వెలుగు కూడిక లెక్కే కాబట్టి కూడితే ఇంకా సరైనది. కానీ జేపెగ్‌లో విలువలు వెలుగుకి సూటి నిష్పత్తిలో ఉండవు. కూడాలంటే రా ఫైళ్ళు వాడాలి. మొదటిసారికి మాక్సిమమ్ చాలు.

ఇంకో చిట్కా: ఫ్రేములో ఒక మనిషిని పెట్టండి. పదిహేను సెకన్లు కదలకుండా నిలబడడం కష్టం కాబట్టి ఆ మనిషి కోసం ఒక్క క్షణం ఫ్లాష్ కొడితే చాలు. చీకట్లో ఫ్లాష్ పడిన ఆ క్షణమే రికార్డవుతుంది. లింక్ వాడుకున్న సూత్రం కూడా ఇదే.

మన కాలం క్లాసిక్ ఏది?

స్టీమ్ పోయింది. మనం చిన్నప్పుడు చూసి పెరిగినది డీజిల్. ముఖ్యంగా ఆల్కో. అమెరికన్ లోకోమోటివ్ కంపెనీకి అది ముద్దుపేరు. ఆ డిజైన్ 1962లో మన దేశానికి వచ్చింది, 1964 జనవరిలో వారణాసి ఫ్యాక్టరీ నుంచి మొదటిది బయటికి వచ్చింది. అసలు అమెరికా కంపెనీ 1969లోనే ఇంజన్ల తయారీ ఆపేసింది. మనవాళ్ళు మాత్రం దశాబ్దాలు చేస్తూనే ఉన్నారు. డబ్ల్యూడీఎం-2 అంటే డబ్ల్యూ పెద్ద గేజికి, డీ డీజిల్‌కి, ఎం ప్యాసింజరూ గూడ్సూ రెండూ లాగుతుందనడానికి. 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. విశాఖ డీజిల్ షెడ్‌లో ఒకప్పుడు వందకి పైగా ఆల్కోలు ఉండేవి. మా లైన్ మీద తిరిగినవి అవే.

మీలో కొందరికైనా గుర్తుండాలి. ఆగి ఉన్నప్పుడు గుర్రం డెక్కల్లా ఒక లయ, బయల్దేరేటప్పుడు గుప్పున నల్లటి పొగ. ఆ పొగకి కారణం, డ్రైవర్ నాచ్ పెంచగానే డీజిల్ వెంటనే ఎక్కువ పడుతుంది కానీ టర్బో వేగం అందుకుని గాలి ఇవ్వడానికి కొన్ని సెకన్లు పడుతుంది. గాలి సరిపోక డీజిల్ పూర్తిగా కాలదు, మసి వస్తుంది. ఒక రకంగా ఇదీ స్టీమ్ లాగే తన కష్టాన్ని బయటికి చెప్పుకునే ఇంజను.

ఇక్కడ ఫోటో లెక్క తిరగబడుతుంది. ఆవిరి తెలుపు, రాత్రి దానికి నేస్తం. ఆల్కో పొగ నలుపు, రాత్రిలో కలిసిపోతుంది. కాబట్టి దాన్ని చూపించాలంటే పొగ వెనక వెలుగు ఉండాలి. ప్లాట్‌ఫాం లైటో, పొద్దు గూకాక మిగిలే నీలం ఆకాశమో పొగ వెనక పడేట్టు నిలబడాలి. సూర్యుడు దిగిన తర్వాత ఇరవై, ముప్పై నిమిషాలు దీనికి సరైన టైమ్. చలికాలం తెల్లారుజామున మంచు పడితే హెడ్‌లైట్ వెలుగు గాలిలోనే కర్రలా నిలబడి కనిపిస్తుంది. అప్పుడు మంచే మనకి ఆవిరి.

మా లైన్ మీద ఇప్పుడు కరెంటు తీగలు వచ్చేశాయి. బళ్ళు కరెంటు ఇంజన్లతో పోతున్నాయి. ఖర్చుకి, గాలికి అదే మంచిది, అందులో నాకు సందేహం లేదు. ఆల్కోలు ఒక్కోటిగా పనిలోంచి తప్పుకుంటున్నాయి. మనం ఇరవై ఏళ్ళ తర్వాత మన పిల్లలకి ఆ డెక్కల చప్పుడు నోటితో చేసి చూపించాల్సి రావొచ్చు, తాత నాకు పొగబండి కూత పెట్టి చూపించినట్టు.

దయచేసి ఇది చదవకుండా వదలొద్దు

మా నాయనమ్మ నేను కెమెరా తీస్తే చాలు, "బాబూ, పట్టాల కాడికి ఎల్లకురా" అంటాది. ఆవిడ మాటే రూలు కూడా. రైల్వే చట్టం 1989లో సెక్షన్ 147 ప్రకారం అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్ళడం నేరం. ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. స్టేషన్లో ట్రైపాడ్ పెట్టేముందు స్టేషన్ మాస్టర్ గారిని అడగండి. వద్దంటే బ్యాగులో పెట్టేయండి. పీఠం మీది ఇంజను దగ్గర కూడా కాపలా ఉన్నవాళ్ళకి ఒక మాట చెప్పండి.

పై తీగలో 25,000 వోల్టులు ఉంటాయి. తాకక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు. వ్యాగన్ ఎక్కడం, సెల్ఫీ స్టిక్ పైకి లేపడం అస్సలు వద్దు.

ఎదురుగా వచ్చే బండి మీద ఫ్లాష్ కొట్టకండి, టార్చి వేయకండి. చీకటికి అలవాటుపడిన లోకో పైలట్ కళ్ళకి అది కొన్ని సెకన్లు ఏమీ కనపడకుండా చేస్తుంది. ఆ కొన్ని సెకన్లలో ఎంత దూరం పోతుందో పైన లెక్క చేశాం. వెనక వందల మంది నిద్రపోతూ ఉంటారు. లింక్ వెలిగించిన బల్బులు రైల్వేకి చెప్పి, వాళ్ళ సహకారంతో వెలిగించినవి. మనకి ఆ ఏర్పాటు లేదు, కాబట్టి కదిలే బండికి స్టేషన్ వెలుగే మన వెలుగు.

ఇంక మన పని

లింక్ దగ్గర నేర్చుకోవాల్సింది బల్బుల లెక్క ఒక్కటే కాదు. ఆయన అయిపోతోందని తెలిసి వెళ్ళాడు. ఐదేళ్ళు ఉంది, ఆ ఐదేళ్ళూ వాడుకున్నాడు. నౌపడ చిన్న బండికి, సాలూరు పొగబండికి మా వీధిలో అలాంటివాళ్ళు ఎవరూ లేకపోయారు. తప్పు ఎవరిదీ కాదు, అప్పుడు కెమెరా అంటే పెళ్ళికే. ఇప్పుడు ప్రతి జేబులో ఒకటుంది.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. మీ ఊరి స్టేషన్లో పాత ఇంజను ఏది ఆగినా ప్లాట్‌ఫాం మీద నిలబడి ఒక ఫోటో తీయండి. పక్కన టీ అమ్మే ఆయన్నో, బ్యాగు మీద కునుకుతీస్తున్న అమ్మనో, వాళ్ళని అడిగి ఫ్రేములోకి రానివ్వండి. ఒక నిమిషం చప్పుడు రికార్డ్ చేయండి. ఫైల్ పేరులో తేదీ, స్టేషన్, ఇంజను క్లాసు, నెంబరు రాయండి. నెంబరు క్యాబిన్ పక్కనే పెయింట్ చేసి ఉంటుంది, షెడ్ పేరు కూడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఆ నాలుగు వివరాలు లేకపోతే పదేళ్ళ తర్వాత అది ఏ ఇంజనో మనకే తెలీదు.

సెమిస్టర్ పరీక్షలయ్యాక ఊరెళ్ళేవాళ్ళు చాలామంది రాత్రి బండికే వెళ్తారు. బండి కోసం ఎలాగూ ప్లాట్‌ఫాం మీద అరగంట కూర్చుంటారు. ఆ అరగంట సరిపోతుంది.